ఎత్తని చేతులు

మీటింగు ఉందంటే చాలు, ముందురోజు నుంచే నాకు గుండెదడ మొదలవుతుంది. ఇబ్రహీంపట్నంలో మా చిన్న సంస్థ చేసే పని వినడానికి సులువే. ఊరూరా తిరిగి, జనాన్ని ఒకచోట కూర్చోబెట్టి, మీకేం కావాలో చెప్పండని అడగడం, చెప్పింది రాసుకుని అధికారులకు పంపడం. జనం రారేమోనని ఒక భయం, వస్తే కొట్టుకుంటారేమోనని ఇంకో భయం. ఇన్నేళ్లయినా ఈ పిరికితనం పోలేదు. "ఊరికేం గావాల్నో తర్వాత అడుగుదువుగాని, ముందుగాల నువ్వు జర నిద్రపో" అని మా ఆయన నవ్వుతాడు.

మంచాల వైపు ఒక ఊళ్లో పెట్టిన మీటింగుకు మాత్రం నేను భయపడింది నా కోసం కాదు, ఒక ఆడపిల్ల కోసం.

ముందురోజు ఇంటింటికీ చెప్పడానికి పోతే, వాకిట్లో పల్లికాయ ఒలుస్తున్న ఒకామె నన్ను పక్కకు పిలిచింది. ఆమె బిడ్డ ఇబ్రహీంపట్నంలో ఇంటర్ చదువుతోంది. సాయంత్రం బస్సు రావడం మానేసినప్పటి నుంచి ఆ పిల్ల ఆటోలో మెయిన్‌రోడ్డు దాకా వచ్చి, అక్కడి నుంచి చీకట్లో ఒక్కతే నడిచి ఇల్లు చేరుతోంది.

"ఆడోళ్లకు టికెట్టు లేదంటె మస్తు సంబురపడ్డం. గిప్పుడు బస్సే లేకపాయె. దసర దాక చూస్త, బస్సు రాకుంటె కాలేజి మాన్పిస్త అంటున్నడు మా ఆయన. జర నువ్వే రాయక్కా."

"నేను రాస్తె నడవదు. రేపు అందరి ముంగట నువ్వే చెప్పాలె" అన్నాను.

మా పద్ధతి అది. మీటింగులో ఊరివాళ్లు చెప్పిందే రాయాలి. చివర్లో ఒక్కో అవసరాన్నీ చదివి వినిపిస్తే, కావాలనుకున్నవాళ్లు చేతులెత్తాలి. ఎత్తిన చేతుల ఫోటో లేకపోతే పైన మా కాగితాన్ని ఎవరూ పట్టించుకోరు.

మర్నాడు బడి వరండా నిండిపోయింది. ఆమె మైకు అందుకుంది. ఎక్కడా మాట తడబడలేదు. ఆమె కూర్చోగానే నేనంటే నేనని అందరూ లేచారు. దవాఖానకు పోయి సాయంత్రం చిక్కుకుపోయే ముసలివాళ్లు, ఫ్యాక్టరీల్లో పనిచేసి వచ్చేవాళ్లు, అందరిదీ బస్సు మాటే. హమ్మయ్య, గట్టెక్కాం అనుకున్నాను.

"సాయంత్రం బస్సు గావాలన్నోళ్లు చేతులెత్తుండ్రి" అన్నాను. మాతో వచ్చిన సహోద్యోగి ఫోన్ పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు.

ఒక్క చెయ్యీ లేవలేదు. మైకు పాడయిందేమోనని దాన్ని తట్టి మళ్లీ అడిగాను. అంతసేపూ గొంతు చించుకున్నవాళ్లే తలలు దించుకున్నారు. నాకు ఒళ్లు మండింది.

"బస్సు గావాల్నా, వద్దా? అడిగింది మీరేనాయె!" అని అరిచాను.

ముందు వరసలోని ముసలాయన నెమ్మదిగా అన్నాడు: "కోపం జెయ్యకు బిడ్డా. కొంగరకలాన్ దిక్కు ఒక ఊర్లె గిట్లనే రోడ్డు గావాల్నా అని అడిగిండ్రట. అందరు చేతులెత్తిండ్రు, ఫోటువ దీస్కున్నరు. ఎనక ప్లాట్లు జేసి అమ్మేటోళ్లొచ్చి గా ఫోటువ సూపెట్టి, భూములిస్తమని ఊరంత ఒప్పుకున్నది గదా అన్నరట. మాకున్నదే ఎకరం, అరెకరం. నోటితోని ఎంతైన చెప్తం గని చెయ్యి మాత్రం ఎత్తం."

అది నిజమో పుకారో నాకు తెలియదు. అలా జరగదని ఒట్టేసి చెప్పగలనా? నేను పంపే ఫోటోలు ఎవరెవరి చేతుల్లో పడతాయో నాకు మాత్రం ఏం తెలుసు?

అప్పుడు వెనక నుంచి ఒక చెయ్యి లేచింది. ఆమెదే. స్తంభం పక్కన నిలబడ్డ ఆమె భర్త గట్టిగా, "చెయ్యి దించు" అన్నాడు.

"దించను. నా బిడ్డ చీకట్ల నడుస్తున్నది."

అతను జనాన్ని తోసుకుంటూ ఆమె దగ్గరికి నడిచాడు. కొడతాడనుకున్నాను. అడ్డం పడదామని నేనూ పరుగెత్తాను. అతను పెళ్లాం పక్కన ఆగి, తన చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, నావైపు చూశాడు.

"నేను చెయ్యి ఎత్తనక్కా. నాకు భయమున్నది. గని బస్సు రానీ, రాకపోనీ, పిల్లను కాలేజి మాన్పియ్యను. రోడ్డు కాడికి నేనే ఎదురువోత. గది రాస్కో."

రాసుకున్నాను. ఒకే ఒక్క చెయ్యి లేచిన ఆ ఫోటోతో కాగితం పైకి పంపాను. ఒక్క మనిషి అడిగితే ఊరి అవసరం ఎలా అవుతుందని రాసి తిప్పి పంపారు. దసరా వెళ్లిపోయింది, బస్సు రాలేదు.

సాయంత్రం ఆఫీసుకు తాళం వేసి నేను ఆటోల అడ్డాకు వెళ్తాను. ఆ పిల్ల పుస్తకాల సంచి ఒళ్లో పెట్టుకుని, ఆటో నిండేదాకా కూర్చుని ఉంటుంది. ఆటో కదలగానే వాళ్ల నాన్నకు ఫోన్ చేస్తాను.

"పిల్ల ఎక్కిందన్నా."

"అవ్, బయల్దేరిన" అంటాడు.