బ్యాటు చాలదు, మనిషి రావాలి

నిన్న సాయంత్రం మావారు సముద్రపు ఒడ్డున నడక ముగించుకుని వచ్చి, చేతికర్రను గడప లోపల ఆనించి, తను మాత్రం మెట్టు మీదే ఆగిపోయారు. మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఇదే వరస. ఒమాన్‌లోని ఈ సూర్ ఊళ్లో ఆ వేళకు వెలుతురు పసుపు కలిపిన పాలలా ఉంటుంది. పడవల వైపు నుంచి చేపల వాసన మెల్లగా తేలివస్తుంది. ఆ వెలుతురులో కర్రను చూసేసరికి ఎప్పటిదో ఒక ఆట నా కళ్ల ముందు కదిలింది.

మావారు బేస్‌బాల్ కోచ్. పెళ్లిచూపుల్లో మా నాన్న "అదేం ఆట బాబూ?" అని అడిగి, జవాబు అరగంట విని, ఏమీ అర్థంకాక సరే అన్నారు. మా ఊరి కాలేజీలో చాన్నాళ్లు నేర్పాక ఇక్కడి కాలేజీవాళ్లు పిలిస్తే, పెట్టెల నిండా గ్లవ్స్ సర్దుకుని బయల్దేరారు. నా చీరలకు చోటేదీ! ఇక్కడ జట్టులో చేరినవాళ్లంతా క్రికెట్ పిచ్చివాళ్లు. బంతి దూరం పోకపోతే పరుగు తీయక్కర్లేదనుకుని హాయిగా నిలబడేవారు. "కొడితే పరుగెత్తాల్సిందేరా!" అని ఈయన గొంతు చించుకునేవారు. నిద్రలోనూ అదే కేక.

ఆ ఏడు కాలేజీ పెద్దాయన తేల్చి చెప్పేశారు: మస్కట్ జట్టు మీద గెలిస్తే సరే, ఓడితే బేస్‌బాల్ ఖలాస్, మైదానం ఫుట్‌బాల్‌వాళ్లకే. మావారికి ఆ వారమంతా అన్నం సయించలేదు. ఆట చివరికి ఒక్క పరుగు వెనకబడి ఉండగా, మా ఆశంతా ఒక్కడి మీద పడింది. కడప నుంచి వచ్చి ఇక్కడ దుకాణం పెట్టుకున్న సాయిబుగారి అబ్బాయి. బంతి కంటే ముందు అతని కాలో చెయ్యో బేస్‌కి, అంటే నేల మీద పరిచిన ఆ తెల్ల దిండుకి, తగిలితే ఆట నిలుస్తుంది. కొట్టాడు. నిలబడలేదు, పరుగెత్తాడు! కానీ చేతిలో బ్యాటు అలాగే ఉంది. క్రికెట్ గీత దాటుతున్నట్టు బ్యాటు చాచి బేస్ మీద ఆనించి, చేతులెత్తి గంతులేశాడు. తను మాత్రం జానెడు ఇవతలే. బంతి వచ్చేసింది. అవుట్.

"సార్, లోపలికొచ్చేసినా కదా సార్!"

"బ్యాటు చాలదు నాయనా, ఇక్కడ మనిషే రావాలి."

జట్టు పోయింది. ఆ శుక్రవారం ఆ అబ్బాయి తల్లి చేత బిర్యానీ వండించుకుని మా ఇంటికి వచ్చి, "నా వల్లే పాయ సార్ మన టీము" అని భోరుమన్నాడు. ఈయన అతని భుజం తట్టి, "నిలబడి చూసేవాడివి, పరుగెత్తావురా. నాకదే చాలు" అన్నారు. అని వంటింట్లోకి వచ్చి, మంచినీళ్ల కోసమన్నట్టు కుండ దగ్గర చాలాసేపు నిలబడ్డారు. కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. తరవాత రిటైరయ్యేదాకా ఫుట్‌బాల్‌కి విజిలూదారు. పల్లెత్తు మాట అనలేదు. నాకే కడుపు మండేది.

నిన్న గడప దగ్గర ఆయన్ని చూసి, "కర్ర చాలదండీ, మనిషి రావాలి" అన్నాను. పగలబడి నవ్వారు. నా చెయ్యి పట్టుకుని ఒక కాలు లోపల పెట్టారు. ఊరందరినీ అంతలా పరుగెత్తించిన మనిషికి ఇప్పుడు గడప దాటడానికి ఇంతసేపు పడుతోంది. పట్టనీ, నాకేం తొందర లేదు.