ఇంగ్లీషులో వచ్చిన ఉప్పెన

గాలీ వానా లేకుండా, ఒక్క పేరా రాసి ఊరు ఊరంతా ఖాళీ చేయించిన మనిషిని ఎప్పుడైనా చూశారా? నేనే ఆ మహానుభావుణ్ణి. ఆ ఊరు మాదే కావడం నా ఖర్మ.

అప్పట్లో అవనిగడ్డలో ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పేవాణ్ణి. నెట్ సెంటర్లు కొత్త. సముద్రం పక్కనున్న మా ఊరి పిల్లలు పుస్తకం తెరిస్తే ఆవలించేవాళ్లు, కంప్యూటరు కనబడితే ఒక్కో కుర్చీలో ముగ్గురేసి ఇరుక్కునేవాళ్లు. సరే, దాంతోనే చదివిద్దామని ఒక బ్లాగు తెరిచాను. పైన నేను రాయాలి, వాళ్లు చదివి, తామైతే ఏం చేస్తారో కింద ఇంగ్లీషులో రాయాలి. ఆవు గురించి పెడితే ఒక్కరూ చివరిదాకా చదవలేదు. నాకు పౌరుషం వచ్చింది. ఈ సాయంత్రం సముద్రం మన ఊళ్లోకి వస్తుందనీ, అందరూ తుఫాను షెల్టరుకు వెళ్లాలనీ రాశాను. పాఠమని చెబితే మళ్లీ ఆవలిస్తారని ఆ ముక్క మాత్రం చెప్పలేదు. ఉప్పెన చూసిన దివిసీమలో కూర్చుని చేసిన పని ఇది.

పిల్లలు కళ్లార్పకుండా చదివారు. నాయనమ్మను మోసుకెళ్తానని ఒకడు, గేదె పలుపు విప్పుతానని ఒకమ్మాయి, నాన్నను చేపల వేటకు వెళ్లనివ్వనని ఇంకొకమ్మాయి గబగబా రాసేసి బస్సుకు పరిగెత్తారు. నేను మురిసిపోతూ వాళ్ల వాక్యాలు దిద్దుకున్నాను.

సాయంత్రం ఊరికి వెళ్తే గేదెలు తప్ప మనిషి లేడు. మా ఇంటికి తాళం. షెల్టరుకు పరిగెడితే ఊరంతా మేడ మీదుంది. మా అమ్మ ఆవకాయ జాడీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఎవరు చెప్పారమ్మా?"

"పిల్లలు చదివార్రా. ఇంగ్లీషులో వచ్చిందంట."

అది నేను రాసిన పాఠమని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. పడవలు ఒడ్డుకు లాగించి వేట మాన్పించిన పెద్దాయన వెంకన్న మావయ్య నన్ను ఎగాదిగా చూశాడు. తిట్టినా బాగుండేది.

"ఉప్పెన నాడు మాకు ముందుగా చదివి చెప్పేవోడు లేడురా. ఈయాళ పిల్లలు చెప్పారు. ఆళ్ల మాట వినాలా, నీ మాట వినాలా?"

సిగ్గుతో చచ్చిపోయాను. దిగమని కాళ్లావేళ్లా పడ్డాను. అమ్మ జాడీ కదపలేదు.

"సముద్రం రాదని ఇంగ్లీషులో పెట్టు. పిల్లలు చదివి చెబితే అప్పుడు దిగుతాం."

ఎవరిదో మోపెడ్ అడుక్కుని, నాయనమ్మను మోసిన కుర్రాణ్ణి సాక్షిగా ఎక్కించుకుని మళ్లీ అవనిగడ్డ వెళ్లాను. సముద్రం రాదని రాశాను. వాడు రెండుసార్లు చదివి నావైపు తిరిగాడు.

"ఇది నిజమేనా మాస్టారూ, లేక పాఠమా?"

అదే కుర్చీలో కూర్చుని శపథం చేశాను: ఇక నా పాఠాల్లోకి ఆవు తప్ప ఏదీ రాదు, అదీ తాడుతో కట్టేసి.