ప్రసాదంగా వచ్చిన పెసలు

మా నాయనకు టైఫాయిడ్ వచ్చి తగ్గింది. జ్వరమైతే పోయింది గానీ పత్యం పోలేదు. డెబ్బైల్లో మా ఎమ్మిగనూరులో జ్వరం కంటే పత్యానికే ఆయుష్షు ఎక్కువ. పొద్దున గంజి, మధ్యాహ్నం గంజి, సాయంత్రం పాలలో ముంచిన బేకరీ రొట్టె ముక్క. "ఇక పప్పన్నం పెట్టండమ్మా" అని డాక్టరు నెల కిందటే చెప్పాడు. కానీ మా అమ్మ దృష్టిలో డాక్టరు అధికారం మాత్రల వరకే. వంటింట్లో ఆయన మాట చెల్లదు.

మాది చేనేత ఇల్లు. మగ్గానికి ఎక్కించే ముందు పడుగు నూలును వీధిలో పొడవునా సాగదీసి, గంజి పెట్టి ఆరబెడతాం. అందుకే మా నాయన గిన్నె కనబడినప్పుడల్లా, "పడుగుకు పెట్టే గంజి నాకు పోస్తాండారు. ఇంగ నన్ను గూడా ఈదిలో సాగదీసి ఆరబెట్టండి" అనేవాడు. నేను పడీపడీ నవ్వేదాన్ని. అమ్మ మాత్రం నవ్వేది కాదు. "లంఖణం పరమౌషధం" అంటూ గిన్నె ఇంకాస్త ముందుకు జరిపేది.

ఒక పొద్దున ఆయన ఎవరికీ చెప్పకుండా మగ్గం గుంటలోకి దిగాడు. కాలి కింది చెక్క తొక్కబోయాడు. అది దిగలేదు. రెండో కాలు కూడా ఆనించి తొక్కాడు. చెక్క దిగలేదు గానీ ఆయన మోకాళ్ళు గడగడ వణికాయి. నేను చెయ్యిచ్చి పైకి లాగితే గోడవైపు తిరిగి పడుకున్నాడు. "ఇంగ నా కాళ్ళు మగ్గానికి పనికి రావు పాపా" అన్నాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఏడుపు ఆయనను చూసి, కోపం గంజిని చూసి.

అప్పుడు నేను ఆదోనిలో బీయస్సీ జువాలజీ చదువుతున్నాను. రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. కండ పెరగాలంటే మాంసకృత్తులు కావాలని మా లెక్చరరు పాఠం చెప్పి పట్టుమని పది రోజులు కాలేదు. లోకంలో ఇంకెవరికీ తెలియని రహస్యం నాకే తెలిసిందన్నంత పొగరు. వంటింటి గడపలో నిలబడి అమ్మకు పాఠం మొదలుపెట్టాను.

"ఒట్టి గంజితో కండ పట్టదమా. పప్పు పడితేనే..."

"మీ అయ్యోరు వచ్చి మీ నాయన పేగులు సూసినాడా?"

"సూడాల్సిన పనిలేదు. పుస్తకంలో ఉండాది."

"అయితే ఆ పుస్తకానికే పెట్టుపో పప్పు."

నిజానికి ఆనాటి నా పుస్తకంలో ఉన్నది సగమే. మిగతా సగం ఎన్నో ఏళ్ళ తర్వాత, నేనే పాఠాలు చెప్పే రోజుల్లో చదివాను. మన కణాల్లో ఎంటార్ అనే ప్రోటీన్ ఉంటుంది. అది ఇంకొన్ని ప్రోటీన్లను కూడగట్టుకుని ఒక జట్టుగా పనిచేస్తుంది. లోపలికి తిండి చేరిందా, ముఖ్యంగా పప్పుల్లాంటి వాటి నుంచి వచ్చే అమైనో ఆమ్లాలు చేరాయా అని కనిపెడుతూ ఉండటం దాని పని. చేరాయంటే కణాన్ని పెరగనిస్తుంది, కొత్త ప్రోటీన్లు కట్టనిస్తుంది. చేరలేదా, ఆ కట్టడం ఆపించి, లోపలున్న పాత సామానునే విరగ్గొట్టి వాడుకోమంటుంది. పిండి కొద్దీ రొట్టె. పైగా తిండి చేరినంత మాత్రాన అది పూర్తిగా కదలదు. ఇన్సులిన్ లాంటివి మోసుకొచ్చే "సరే, పెరగొచ్చు" అన్న కబురు కూడా అందాలి. ఇంత అనుమానపు ప్రాణి మా వంటింట్లో తప్ప ఇంకెక్కడా లేదనుకున్నాను. తీరా చూస్తే ఒళ్ళంతా ఉందట!

అమ్మ కాపలాలో ఒకే ఒక్క సందు ఉంది. అది ప్రసాదం. ప్రసాదాన్ని ఎవరూ కాదనకూడదు, దానికి పత్యం అంటదు. అందుకని ఆదోనిలో స్నేహితురాలి ఇంట్లో పెసలు మెత్తగా ఉడికించి, తిరగమాత వేయించి, ఆకులో పొట్లం కట్టుకుని తెచ్చాను. "మాధవరం నుంచి మా కాలేజీకి వచ్చే పిల్ల ఇచ్చిందమా. ఆంజనేయస్వామి ప్రసాదం" అన్నాను. గొంతు కొంచెం కూడా తడబడలేదు. దేవుడి పేరు మీద అబద్ధం ఇంత సులువా అని నాకే భయమేసింది.

అమ్మ పొట్లం కళ్ళకద్దుకుంది. ఒక గింజ నోట్లో వేసుకుని నిదానంగా నమిలింది. తర్వాత పొట్లం పట్టుకుని వీధిలోకి నడిచింది. పక్కింటికి ఒక పిడికెడు, ఎదురింటికి ఒక పిడికెడు. ప్రసాదమంటే పదిమందికీ పంచాలన్న సంగతి నా పాడు బుర్రకు తట్టనే లేదు! చివరికి మా నాయన అరచేతిలో పడినవి నాలుగు గింజలు. ఆయన వాటిని తిప్పి తిప్పి చూసి, "సామి గూడా పత్యంలో ఉన్నట్టుండాడే" అన్నాడు.

మరునాడు రెట్టింపు తెచ్చాను. అమ్మ ఇంకో నాలుగిళ్ళకు పంచింది. పొట్లం పోయి టిఫిన్ క్యారియర్ వచ్చింది. వీధి పిల్లలు నా బస్సు వేళకు మలుపులో కాచుకుని, "అక్కా, ఈ పొద్దు దేవుడు ఏం పంపినాడు?" అని వెంటపడేవాళ్ళు. వీధి వీధంతా కండ పడుతోంది, మా నాయనకు తప్ప, అని పళ్ళు నూరుకున్నాను. అయితే వారాలు గడిచేకొద్దీ అమ్మ ఆయనకు పెట్టే వాటా గింజల నుంచి గుప్పెడుకు, గుప్పెడు నుంచి గిన్నెకు పెరిగింది. ఆయన లేచి కూర్చుని పిక్కలు నొక్కి చూసుకోవడం మొదలుపెట్టాడు.

ఒక ఉదయం మగ్గం చప్పుడుకు మెలకువ వచ్చింది. మా నాయన జానెడు గుడ్డ నేసి, చెమటలు కక్కుతూ నవ్వుతున్నాడు. నేను వంటింట్లోకి పరుగెత్తి, గెలిచిన సంబరంలో నిజం కక్కేశాను.

"అది ప్రసాదం కాదమా! నేనే ఉడకబెట్టినా. సూసినావా, నా పుస్తకమే గెలిచింది!"

అమ్మ పొయ్యి మీంచి చూపు తిప్పలేదు. "ఎర్రగడ్డ ఏసిన ప్రసాదం యా గుళ్ళో పెడతారే?"

రుచిగా ఉంటుందని స్నేహితురాలి అమ్మ మొదటి రోజు నుంచే తిరగమాతలో ఉల్లిపాయ వేస్తూ వచ్చింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అన్నారా!

"తెలిసీ ఈదంతా ఎందుకు పంచినావు?"

"పంచకుంటే ప్రసాదమెట్లయితాది?"

"నువ్వే పప్పు వండి పెట్టచ్చు గదమా! ఇన్నాళ్ళు నాతో క్యారియర్ మోయించకుంటే?"

అమ్మ ఊదుగొట్టం కింద పెట్టింది. "నా తమ్మునికి గూడా ఇదే జొరం వచ్చి తగ్గింది. ఆకలి ఆకలని ఏడుస్తాంటే సూడలేక నేనే పప్పన్నం కలిపి పెట్టినా. మూడో నాడు పోయినాడు. నాకప్పుడు పన్నెండేండ్లు. ఇంట్లో అందరూ నా చేతుల పక్కే సూసినారు."

ఇన్నాళ్ళు గడపలో నిలబడి ఆమెకు పాఠాలు చెప్పినందుకు సిగ్గుతో చచ్చిపోయాను. పోయి పక్కన కూర్చున్నాను.

ఆ పొద్దు అమ్మ కందిపప్పు వండింది. మా నాయన కంచం ముందు కూర్చోగానే గరిటె నా చేతిలో పెట్టి, "నువ్వెయ్యి పాపా" అని, ఆయన తినడం అయ్యేదాకా పెరట్లో నిలబడింది.