రాళ్ల ఎడారిలో మూడు వాట్లు

పోలీస్ యాక్షన్ జరిగిన మరుసటేడు ఎండాకాలంలో మా మేనమామ, నేను వారానికోసారి ఎడ్లబండి కట్టుకుని మూసాపేట నుంచి గోపన్‌పల్లి రాళ్లలోకి పోయేవాళ్లం. బండిలో ఒక రేకుపెట్టె, గడ్డిలో పొదిగిన బ్యాటరీలు, రాగితీగ చుట్ట, నీళ్లకుండ, జొన్నరొట్టెల మూట ఉండేవి. రేకుపెట్టెలో ఉన్నది వైర్‌లెస్. దానితో ఎక్కడో ఉన్న, ముఖం తెలియని మనిషినొకరిని పలకరించాలన్నది మా మామ పట్టుదల. నాకప్పుడు పందొమ్మిదేళ్లు.

మామ సికింద్రాబాదులో ఫౌజులో చేరి, వైర్‌లెస్ పని నేర్చుకుని, యుద్ధంలో ఆఫ్రికా ఎడారికి వెళ్లాడు. అక్కడ పక్కనే ఒక ఫిరంగిగుండు పేలి ఎడమచెవి పూర్తిగా పోయింది. కుడిచెవి సగం మిగిలింది. తిరిగొచ్చి మూసాపేటలో తాతల నాటి పొలం దున్నుకుంటూ, తీరిక దొరికినప్పుడల్లా పాతసామాన్లు అమ్మే జుమేరాత్ బజార్‌లో మిలిటరీ తుక్కు వెతికేవాడు. వాల్వులు, హెడ్‌ఫోను, కబురు కొట్టే మోర్స్ కీ అన్నీ అక్కడే దొరికాయి. వెదురు ముక్క మీద తీగ చుట్టి కాయిల్ చేశాడు. అదంతా కలిపి సెట్టు తయారయ్యాక కూడా పంపే భాగానికి కరెంటు పెట్టలేదు. ఢిల్లీకి రాసి, పరీక్ష రాసి, అనుమతి కోసం నెలల తరబడి ఎదురుచూశాడు.

"చేసినవ్ గద మామా, ఒక్కసారి ఒత్తి చూస్తే ఏమైతది?" అని అడిగాను.

"కాగితం రానిది కీ ముట్టను బిడ్డా," అన్నాడు.

ఆ నెలల్లోనే నాకు మోర్స్ నేర్పాడు. చుక్కలు, గీతలు కలిస్తే అక్షరం, అంతే. కానీ అది చెవికి పట్టాలంటే కాగితం మీద చదివితే రాదు. అన్నం తినేటప్పుడు చెంచాతో కంచం అంచు మీద కొట్టేవాడు, నేను పైకి చెప్పాలి. ఒకరోజు మా అమ్మ వడ్డిస్తుండగా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట కొట్టాడు. "పప్పుల ఉప్పు లేదు" అని. నాకు నవ్వు ఆగలేదు. ఎందుకు నవ్వుతున్నానో అమ్మకు చెప్పలేక తిట్లు తిన్నాను. ఆయన మాత్రం తల వంచుకుని ఆ చప్పిడి పప్పే మళ్లీ వేయించుకున్నాడు.

నేర్పడానికి కారణం దాచలేదు. "నా చెవి నమ్మదగినది కాదు. పంపుడు నా పని, వినుడు నీ పని," అన్నాడు. అనుమతి ఆయన పేరు మీదే వచ్చింది కాబట్టి కీ మీద నా చెయ్యి పడనిచ్చేవాడు కాదు.

మూసాపేటలో వింటే దగ్గరి కార్ఖానాల మోటార్ల గరగర తప్ప మరేమీ వినిపించేది కాదు. అందుకే గోపన్‌పల్లి. అప్పట్లో అక్కడంతా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పెద్ద పెద్ద గుండ్లు, మధ్యలో ముళ్లకంప, తొండలు. పంట లేదు, నీడ లేదు. మొదటిరోజు బండి దిగగానే మామ చుట్టూ చూసి, "ఇసుక లేదు గని, ఇది ఎడారే," అన్నాడు. ఆ మాటలో దిగులు లేదు. తెలిసిన ఊరికి వచ్చినవాడిలా ఉన్నాడు.

మా సెట్టు శక్తి మూడు వాట్లు. నగరంలో ఇళ్లలో వెలిగే మామూలు బల్బుకే నలభై వాట్లు కావాలి. అంత చిన్న దానితో దూరం పోవాలంటే తీగ ఎత్తుగా ఉండాలి, కింద నేల తడిగా ఉండాలి. మాకు రెండూ లేవు. రాతిలోకి ఎర్త్ కోసం కొట్టే ఇనుపకడ్డీ దిగదు, దిగినా తడి తగలదు. మామ దాని గురించి బాధపడలేదు. నాలుగు పొడుగాటి తీగలు తీసి, బండిచక్రం ఆకుల్లా నాలుగు దిక్కులకూ పరిచి, నేలకు తాకకుండా చిన్న రాళ్ల మీద ఆనించాడు. నేల పని ఆ తీగలు చేస్తాయని, ఎండు ఇసుకలో తాము ఇట్లాగే చేసేవాళ్లమని చెప్పాడు. ఎత్తు సంగతి మాత్రం తేలలేదు. వెదురు గడలకు కట్టిన తీగ మధ్యలో కిందికి జారి వేలాడింది. ఆ రోజు, తర్వాతి వారం కూడా మేము ఎందరినో విన్నాం, మమ్మల్ని ఎవరూ వినలేదు.

మూడోసారి ఒక ముసలి గొల్లాయన మేకల్ని ఆపుకుని చాలాసేపు మమ్మల్ని చూశాడు.

"ఏంది కొడుకా, ఆ తీగ ఆ గుండు మీదికి పోవాల్నా?" అన్నాడు. ఆయన చూపిన గుండు ఇంచుమించు తాటిచెట్టంత ఎత్తు ఉంటుంది. ఎక్కడానికి దారి లేదు.

"పోతే మంచిగుంటది తాతా. ఎట్ల పోతది?" అన్నాను నేను.

ఆయన నడుముకు చుట్టుకున్న, రాళ్లు విసిరే వడిసెల విప్పాడు. గులకరాయికి మా సన్నతాడు కట్టి, వడిసెలలో పెట్టి, రెండుసార్లు తిప్పి వదిలాడు. రాయి గుండు మీది నుంచి దాటి అవతల పడింది. తాడు పట్టుకుని లాగితే దాని వెనకే రాగితీగ పైకెక్కింది. మామ ఆ వడిసెలను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఫౌజుల మాకు ఇంత మంచి సామాను ఇయ్యలేదు," అన్నాడు. ముసలాయన సిగ్గుపడ్డాడు.

సరిగ్గా అప్పుడే ఊరి శాంతిభద్రతలు చూసే పోలీస్ పటేల్ ఇద్దరు మనుషులతో వచ్చాడు. ఎత్తున తీగ దూరానికి కనబడి ఉంటుంది.

"ఎవరికి కబురు పంపుతున్నరు మీరు?"

"ఎవరు వింటే వాళ్లకు, పటేల్ సాబ్," అన్నాడు మామ. అది నిజమే కానీ, ఆ రోజుల్లో చెప్పవలసిన జవాబు కాదు. మామ అనుమతి కాగితం చూపించాడు. పటేల్‌కు ఉర్దూ వచ్చు, ఇంగ్లీషు రాదు. "గిది నేనెట్ల నమ్మాలె?" అన్నాడు. మామ తీగ దించి బండి కట్టాడు.

దారిలో నేను మండిపడ్డాను. మన దగ్గర సర్కారు కాగితం ఉండగా ఎందుకు వెనక్కి రావాలని. మామ ఎడ్లను అదిలిస్తూ అన్నాడు: "రెండేండ్లసంది ఈ ఊళ్లు ఏమేం చూసినయో నీకెరుకే. కొత్త మనిషిని చూస్తే జడిసేటోనిది తప్పెట్లైతది?"

ఆ వారం ఆయన రెండురోజులు సర్కారు కచేరీ చుట్టూ తిరిగి, కాగితానికి ఉర్దూ నకలు రాయించి, ముద్ర వేయించుకున్నాడు. మేము మళ్లీ వెళ్లినప్పుడు బండి మొదట పటేల్ ఇంటి దగ్గరే ఆగింది. పటేల్ రెండుసార్లు చదివాడు. నకలు మడిచి తిరిగిస్తూ, "జర మాకు సుత వినిపిస్తరా ఎప్పుడన్న?" అన్నాడు. తర్వాత ఒకరోజు నిజంగానే వచ్చి హెడ్‌ఫోను పెట్టుకుని, కీచురాళ్లలా ఉందని నవ్వాడు.

మా పిలుపుకు జవాబు దొరికింది మాత్రం నకలు చూపించిన రోజే, పటేల్ ఇంటి నుంచి రాళ్ల దగ్గరికి వెళ్లాక. ముసలాయన తీగ ఎక్కించి పెట్టాడు. గుండ్లు కాగిపోయి సెట్టు వేడెక్కుతుంటే దాని ట్యూనింగ్ పక్కకు జరిగిపోతోంది. దానికి చుట్టూ తడిగోనె కప్పి, నీళ్లు చిలకరిస్తూ కూర్చున్నాం. మామ పిలుస్తాడు, నేను వింటాను. మళ్లీ పిలుస్తాడు. సాయంత్రం నాలుగు గంటలప్పుడు, దూరాన ఎవరో ఈల వేస్తున్నంత సన్నగా, అనుమతితో పాటు మాకిచ్చిన పిలుపు అక్షరాలు నాకే తిరిగి వినిపించాయి. నా చెయ్యి పైకి లేచింది. మామ కీ మీద నుంచి చెయ్యి తీశాడు.

నేను రాసుకుంటూ పోయాను. అవతలి మనిషి జోధ్‌పూర్ దాటి ఇసుకలో ఉన్నాడు. సామాను ఒంటె మీద వేసుకుని వచ్చాడు. ఒక గుడారం, ఒక గడ, రెండు వాట్ల సెట్టు. మీది ఎంత అని అడిగాడు. మామ మూడు అని పంపి, నావైపు తిరిగి, "అతని ముందర మనం షావుకార్లం బిడ్డా," అన్నాడు.

అంతలో నా చెవిలో చిటపటలు మొదలయ్యాయి, పెనంలో ఆవాలు వేగినట్టు. అక్షరాలు వాటి మధ్య మునిగిపోతున్నాయి. చెప్పాను. మామ కుడిచెవి నావైపు తిప్పి అడిగాడు.

"అతని పిలుపుల్నే ఉన్నదా ఆ చప్పుడు, అతను ఊకున్నప్పుడు గూడ ఉన్నదా?"

"అతడు పంపేటప్పుడే మామా. రాను రాను ఎక్కువైతున్నది. గాలి లేచిందని అతడే పంపిండు."

"దుమారం. ఎండు ఇసుక తీగకు రాసుకుంటే కరెంటు పుడ్తది. మనిషిని ఎత్తి పడేస్తది."

ఏడాదికి పైగా ఎదురుచూసిన పలకరింపు అది. ఇంకో పది నిమిషాలు మాట్లాడినా ఎవరూ తప్పు పట్టరు. మామ నెమ్మదిగా, ఒక్కో అక్షరం విడివిడిగా పంపాడు: తీగ ఇప్పుడే ఊడదీయి, ఉత్త చేత్తో పట్టుకోకు, గుడ్డ చుట్టుకో, సెట్టుకు దూరంగా కూర్చో. అట్లాగే రెండోసారి పంపాడు. అవతలి నుంచి కృతజ్ఞతలని ఒక్క మాట వచ్చి ఆగిపోయింది. మొత్తం ఏడెనిమిది నిమిషాలు.

"ఏమన్నడు?" అని అడిగాడు ముసలాయన.

"అక్కడ గాలిదుమారం లేచింది తాతా."

"ఆ మనిషికి నీడున్నదా?"

గుడారం ఉందని చెప్పాను. ఆయన తృప్తిగా తలూపి మేకల వైపు పోయాడు.

మామ తీగలు చుట్టి, తడిగోనె పిండి బండిలో వేశాడు. బండి కట్టేటప్పుడు అన్నాడు: "యుద్ధంల వేల కబుర్లు పంపిన బిడ్డా. ఫిరంగిగుండ్లు ఎన్ని ఉన్నయి, మనుషులు ఎంతమంది పోయిన్రు, అన్నీ లెక్కలే. ఎవరినీ పైలం, జాగర్త అని చెప్పే పని పడలేదు."

నెల దాటాక జోధ్‌పూర్ మనిషి నుంచి ఒక కార్డు వచ్చింది; మా పిలుపు అక్షరాలను బట్టి చిరునామా వెతికి పట్టాడు. చేత్తో గీసిన ఒంటె బొమ్మ, దాని కింద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. తీగ ఊడదీసిన కాసేపటికే దాని కొస నుంచి గుడారపు గడకు జానెడు నిప్పురవ్వలు దూకడం చూశానని, మేము చెప్పి ఉండకపోతే తన చెయ్యి దానిమీదే ఉండేదని రాశాడు. మామ ఆ కార్డును నా చేతికిచ్చి, "విన్నది నువ్వు," అన్నాడు. నేను ఒప్పుకోలేదు. చిటపట నాకు వినిపించిందే కానీ, అది ఒక మనిషికి ప్రమాదమని వినగలిగింది ఆ సగం చెవే.

ఆ తర్వాత నేనూ పరీక్ష రాసి అనుమతి తెచ్చుకున్నాను. కొన్నేళ్లకు మామకు రెండో చెవి కూడా పోయింది. సెట్టును వదిలేస్తాడనుకున్నాం. ఆయన హెడ్‌ఫోను మూత విప్పి, లోపలి పలచని రేకు మీద చూపుడువేలు ఆనించి, దాని అదురును బట్టి అక్షరాలు చదవడం నేర్చుకున్నాడు. రెండు నెలలు పట్టింది. మొదట్లో నాలుగింట ఒక అక్షరం దొరికేది. నేను పక్కన కూర్చుని అక్షరాలు పంపుతూ తప్పులు దిద్దుతుంటే, కంచం అంచు మీద నాకు నేర్పినప్పటి ఓపికతోనే, మళ్లీ పంపమని వేలితో సైగ చేసేవాడు.