అవ్వ రాసిన అర్జీ

మొన్న మెట్‌పల్లి బస్టాండులో ఒక ముసలామె పక్కన కూర్చున్నాను. ఆమె సంచిలో తడిగుడ్డలో చుట్టిన, బీడీలు చుట్టే తునికాకు వాసన, పచ్చిగా, వగరుగా, అడుగున కొంచెం తంబాకు ఘాటుతో నా ముక్కుకు తగిలింది. ఎక్కాల్సిన బస్సు వచ్చి పోయింది, నేను లేవలేదు.

తొంభైల మొదట్లో, జగిత్యాల దాటాక ఉండే మా ఊళ్లో ప్రతి అరుగు మీదా ఆ వాసనే. తంగేడు పూసి, బతుకమ్మకు దంచిన సత్తుపిండి ఇంకా డబ్బా అడుగున మిగిలి ఉన్న రోజుల్లో, పెద్దవాళ్లకు చదువు చెప్పిస్తామని సర్కారు వాళ్లు పలకలూ వాచకాలూ పంపారు. చెప్పడానికి వచ్చిన వలంటీరు కొన్నాళ్లకే పెళ్లి చేసుకొని వెళ్లిపోతే, అందరికంటే ముందు అక్షరాలు పట్టుకున్న మా అవ్వ, అంటే మా అమ్మ, ఆ పని నెత్తిన వేసుకుంది. మధ్యాహ్నం మా అరుగు మీద పన్నెండు మంది ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతూ కూర్చునేవారు. చేతులు ఆగితే పొయ్యి ఆగుతుంది కాబట్టి అవ్వ ఒక పద్ధతి పెట్టింది: ఒకరు గట్టిగా చదవాలి, ఆమె వాటా బీడీలు మిగతావాళ్లు చేసి ఆమె చాటలో వేయాలి, పాఠం కాగానే పుస్తకం పక్కామె చేతికి పోవాలి. ఎవరైనా తప్పు చదివితే ఆకు కోసే కత్తెరలు టకటకలాడించేవారు. బడి లేని రోజుల్లో అరుగు కింద గచ్చకాయలాడుతూ నేను కిసుక్కున నవ్వేదాన్ని. ఏడో తరగతి పిల్లను, నా అంత చదువు ఊళ్లో ఎవరికీ లేదని నా నమ్మకం మరి.

తనిఖీకి అధికారి వస్తున్నాడని తెలిసిన రోజు, పెద్దసారు ముందు తంబాకు మర్యాద కాదని, చాటలన్నీ మా ఇంట్లో వడ్ల గుమ్మి వెనక దాచి, తలస్నానాలు చేసి, ఉత్త చేతులతో కూర్చున్నారు. అదే కొంప ముంచింది. ఏనాడూ ఊరుకోని చేతులు ఊరుకునేసరికి నోళ్లు కూడా పడిపోయాయి. నిన్నటిదాకా గడగడా చదివిన మహబూబ్‌బీ పెద్దమ్మ వాచకం చూస్తూ చెమట తుడుచుకుంది. అవ్వ కూడా మొదటి వరుస దగ్గరే ఆగిపోయింది.

"ఎవ్వలకూ ఏం రాదు. గీ బడి బంద్," అని సారు జీపెక్కి పోయాడు.

అవ్వ ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు పన్నెండు మందీ చాటలు నెత్తిన పెట్టుకొని మండలాఫీసుకు నడిచారు. అవ్వ నన్నూ వెంటబెట్టుకుంది. అవ్వ ఆఫీసరుతో మాట్లాడి నా పరువు తీస్తుందని సిగ్గుపడి నేను పది అడుగులు వెనకే నడిచాను. వరండాలో చాటలు ఒళ్లో పెట్టుకొని, ఆకు చుడుతూ, గోడకు అంటించిన పశువుల టీకా నోటీసునూ నీటి తీరువా నోటీసునూ వంతులవారీగా చదవసాగారు. సారు బయటికొచ్చి, చాలాసేపు విన్నాడు.

"బడి మళ్ల గావాల్నంటే అర్జీ ఉండాలె. ఏది?"

ఎవరూ తేలేదు. నేను గబుక్కున ముందుకొచ్చాను. "నేను రాస్తనే అవ్వా, జల్ది అయితది."

"నువ్వు రాస్తే గది నీ అర్జీ అయితది బిడ్డా. బడి గావాల్సింది నాకు."

అవ్వ కాగితం నేల మీద పరిచింది. "ఫికర్ జెయ్యకు, నిమ్మలంగ రాయి," అంటూ మహబూబ్‌బీ పెద్దమ్మ అవ్వ వాటా బీడీలు చుట్టింది. లోపలికి రెండుసార్లు చాయ్ వెళ్లింది, సారు మాత్రం అక్కడే నిలబడ్డాడు. చివరికి వంకర టింకరగా నాలుగు వరుసలు తయారయ్యాయి: "మాకు బడి గావాలె. పగటీలి గావాలె. పని జేసుకుంట సదువుతం. తప్పనొద్దు."

సారు దాని మీద బడి నడుపుకోమని రాసి సంతకం పెట్టాడు. ఆ పది అడుగులు గుర్తొచ్చి నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు ఆ అరుగులు కొట్టేసి గేట్లు పెట్టుకున్నారు. ఆ పన్నెండు మందిలో మిగిలింది ఇద్దరు. అవ్వ కూడా పోయింది. నేను మహిళా సంఘాల ఆఫీసులో పనిచేస్తున్నాను. దరఖాస్తు కోసం వచ్చినవాళ్లు "నువ్వే రాయరాదా బిడ్డా," అంటారు. కాగితం వాళ్ల ముందుకే జరుపుతాను. ఒక్కోసారి గంట పడుతుంది. ఎంతసేపైనా పట్టనీ, నేను కదలను.