హామిల్టన్ రైల్లో విద్యామంత్రి

లోవర్ హట్ నుంచి హామిల్టన్‌కి రైల్లో వెళ్ళాలనుకునేవాళ్ళకు ముందే ఒక మాట. ఇక్కడి రాజధాని వెలింగ్టన్ నుంచి ఉత్తరానికి వెళ్ళే ఆ రైలు రోజూ ఉండదు. వారంలో కొన్ని రోజులే నడుస్తుంది, సీటు ముందే బుక్ చేసుకోవాలి. విమానమైతే గంటలో దింపేస్తుంది. కానీ నాకు ఆ రోజంతా కావాలి. మర్నాడు శనివారం హామిల్టన్ లైబ్రరీ హాల్లో తెలుగువాళ్ళ ముందు ప్రసంగించాలి. నా జీవితంలో అదే మొదటిసారి. దారిలో కూర్చుని రాసుకున్నది బట్టీపట్టాలని నా ఆలోచన.

నేను బడిలో చదివింది పదో తరగతి వరకే. మిగతాదంతా మా ఊరి లైబ్రరీ చలవ. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు చదవడం అక్కడే నేర్చుకున్నాను. అలా దొరికిందే ఐజాక్ జీవితకథ. అమెరికా దక్షిణాన బానిసగా పుట్టాడు. చదువు జోలికి వెళితే కొరడా దెబ్బలు. యజమాని పిల్లలు పారేసిన పలక ముక్క మీద దొంగచాటుగా అక్షరాలు దిద్దుకున్నాడు. విముక్తి వచ్చాక ఒక రేకుల గదిలో బడి పెట్టి, పగలు పిల్లలకూ, సాయంత్రం పొలాల నుంచి వచ్చే పెద్దవాళ్ళకూ చదువు చెప్పాడు. పుస్తకం అట్ట మీద ‘ఎడ్యుకేటర్ అండ్ మినిస్టర్’ అని ఉంది. బానిసగా పుట్టి విద్యామంత్రి అయిన మనిషి! హామిల్టన్‌లో పుస్తకాల గ్రూపు నడిపే భార్గవికి ఫోన్లో ఈ మాట చెప్పానో లేదో, పోస్టర్ తయారుచేసి వాట్సాప్‌లో పంపేసింది: ‘బానిస నుంచి విద్యామంత్రి దాకా’.

శుక్రవారం పొద్దున ఆరు దాటగానే మా ఆయన లోకల్ రైలు కోసం మా ఊరి వాటర్లూ స్టేషన్‌లో దింపారు. “మంత్రిగారిని జాగ్రత్తగా తీసుకెళ్ళు. రైల్లో మర్చిపోతావేమో” అని నవ్వారు.

వెలింగ్టన్‌లో పెద్ద రైలు ఎనిమిదికి కాస్త ముందు కదిలింది. ఎడమవైపు కిటికీ దొరికితే చాలాసేపు సముద్రం పక్కనే ప్రయాణం. నా పక్క సీట్లో అరవై దాటిన సమోవా దీవుల ఆవిడ, పువ్వుల గౌనులో. “అందరూ ఆంటీ అంటారు, నువ్వూ అలాగే పిలువు” అంది. రైల్లో ‘పై’ అనే మాంసం పేస్ట్రీ, కాఫీ అమ్ముతారు గానీ నేను పులిహోర తెచ్చుకున్నాను. ఆంటీకీ పెట్టాను.

“ఇందులో వేరుశనగలు వెయ్యాలని ఎవరికి తోచిందమ్మా! ఇంకొంచెం పెట్టు.”

మధ్యాహ్నం రువపేహు కొండ మీద మంచు మెరుస్తుంటే మాటల్లో అడిగాను, హామిల్టన్ స్టేషన్‌కి ఆవిడ కోసం ఎవరొస్తారని.

“మా మినిస్టర్ వస్తాడు, వ్యాను తీసుకుని.”

నేను నోరు తెరిచాను. “మినిస్టరే వస్తారా? ఏ శాఖ?”

“శాఖేమిటి? మా చర్చి మినిస్టర్. ఆదివారం వాక్యం చెప్తాడు, సోమవారం మా ఇంటి చూరు కాలువలో ఆకులు తీస్తాడు.”

అప్పుడు వెలిగింది, ఐజాక్ పుస్తకం అట్ట మీదున్నదీ ఈ మినిస్టరే. వెలింగ్టన్ పక్కన ఉంటూ రోజూ వార్తల్లో మినిస్టర్ అంటే మంత్రే అని వినీ వినీ, పాస్టరుగారిని తీసుకెళ్ళి మంత్రివర్గంలో కూర్చోబెట్టాను! కాగితాలు తీసి చూసుకున్నాను. ‘అంత పెద్ద మంత్రి అయి ఉండీ, జబ్బుపడ్డవాళ్ళ గుడిసెలకు నడిచి వెళ్ళేవారు. అంత పెద్ద మంత్రి అయి ఉండీ, బడి పైకప్పు తానే బాగుచేసేవారు.’ పేజీ నిండా ఇదే. ‘పదో తరగతి చదివినావిడకి ఇంతకంటే ఏం తెలుస్తుందిలే’ అని రేపు హాల్లో గుసగుసలు అప్పుడే వినిపించసాగాయి.

రౌరిము దగ్గర రైలు కొండ చుట్టూ మెలికలు తిరుగుతూ దిగుతుంది, మనం వచ్చిన పట్టాలే పైన కనిపిస్తాయి. తప్పక చూడవలసిన చోటు. అందరూ ఫోన్లెత్తి ఫోటోలు తీస్తున్నారు. నేనూ ఎత్తాను, సిగ్నల్ కోసం.

టౌమరునుయి ఊరు చేరాక భార్గవి ఫోన్లో దొరికింది. విషయం విని పగలబడి నవ్వింది.

“అయ్యో అక్కా! మా గ్రూపులో రావు అంకుల్ అయితే ఆ మంత్రిగారిది ఏ పార్టీ అని అడిగారు. కనుక్కుని చెప్తానన్నా!”

“నా పరువు పోయింది భార్గవీ.”

“మీదేం పోయింది, డిజైన్ చేసింది నేను. పోస్టర్ మార్చేయనా?”

“వద్దు. నేనే చెప్తాను.”

నాలుగు దాటాక హామిల్టన్. ఆంటీ వాళ్ళ మినిస్టర్ హవాయి చెప్పులేసుకుని వచ్చి, ఆవిడ పెట్టెతో పాటు నా పెట్టె కూడా దింపాడు. ఆ రాత్రి బస భార్గవి ఇంట్లోనే. ఈ ఊళ్ళో కారు లేకపోతే కష్టం, తెలిసినవాళ్ళుంటే మేలు.

మర్నాడు హాలు నిండింది. మొదటి మాటే చెప్పేశాను: “ఐజాక్ గారు మంత్రి కాదండీ, పాస్టరుగారు. పదవి ఇచ్చింది నేనే.”

హాలంతా నవ్వు. ముందు వరస నుంచి రావు అంకుల్, “అయితే పార్టీ లేదన్నమాట!” అన్నారు.

“లేదండీ. ఉన్నది ఒక గదే. ఆరు రోజులు బడి, ఆదివారం బెంచీలు అటు తిప్పితే చర్చి.”

అంకుల్ నవ్వడం ఆపేశారు. “మా గుంటూరు పక్క మిషన్ బళ్ళోనూ ఇంతేనమ్మా. సోమవారం పొద్దున్నే ఆ బెంచీలు మళ్ళీ ఇటు తిప్పిన బ్యాచ్ మాది” అన్నారు. ఆ తర్వాత నేను కాగితాలు చూడలేదు. ‘అంత పెద్ద మంత్రి అయి ఉండీ’ ఒక్కటి తీసేస్తే మిగతాదంతా నిజమే.

ఆదివారం రైలు కుదరక బస్సులో తిరుగుప్రయాణం. టౌపో సరస్సు దగ్గర భోజనానికి ఆగింది. నీళ్ళ ఒడ్డున భార్గవి కట్టిచ్చిన చపాతీలు తింటుంటే, రెండు వారాలుగా గుండెల మీదున్న బరువు దిగిపోయిందని తెలిసింది. విద్యామంత్రి గురించి చెప్పడానికి నేనెంతదాన్నని రోజూ భయపడ్డాను. బెంచీలు తిప్పుకున్న మనిషి గురించైతే మళ్ళీ ఎక్కడ పిలిచినా వెళ్ళి చెప్పగలను.

అంతలో మా ఆయన మెసేజ్: “మంత్రిగారు క్షేమమా?”

“రాజీనామా చేశారు. పాస్టరుగారిని తీసుకొస్తున్నా, అన్నం వండి ఉంచండి” అని జవాబిచ్చి బస్సెక్కాను.