క్యారియరు వాసన పట్టిన పల్చని పొర

మొన్న మా కోడలు వంటింట్లో గ్యాసు లీకైతే కూసే డబ్బా ఒకటి గోడకు బిగించింది. నిన్న పోపు కాస్త మాడగానే అది గోల పెట్టేసరికి కోడలు విసుక్కుంది గానీ, నాకు మాత్రం మా ల్యాబు అటెండరు మావ గుర్తొచ్చి నవ్వాగలేదు, వెనకే కళ్లూ తడిశాయి.

రెండువేల పదుల తొలినాళ్లలో శ్రీకాకుళంలో ఫిజిక్సు పాఠాలు చెప్పుకుంటూ, నలభై ఎనిమిదేళ్ల వయసులో పీహెచ్‌డీకి దిగాను. నా పని అమ్మోనియాను పసిగట్టే సెన్సారు చేయడం. గోరంత స్ఫటికం ముక్క మీద కంటికి కనబడని అలలు పరుగెడుతుంటాయి. పైన పల్చని పాలిమరు పొర పూస్తాం. వాయువు ఆ పొరకు అంటుకుంటే బరువెక్కి, అల నెమ్మదించి, తెర మీద అంకె తగ్గుతుంది. పొర మందమైతే ఎక్కువ వాయువు పడుతుందని ఆశపడి పూత మీద పూత వేశాను, అల కాస్తా చచ్చి ఊరుకుంది. కాలేజీ అంతా మావ అని పిలిచే ఆ నౌపడ ఊరి మనిషి అది చూసి, “మేడమ్మా, అట్టు అంత మందంగా ఏస్తే ఉడుకుతాదా ఏటి?” అన్నాడు. పల్చగా పూశాను, పనిచేసింది.

అయితే కొత్త తంటా వచ్చిపడింది. అమ్మోనియా సిలిండరు కట్టేసి ఉన్నా, రోజూ నేను భోజనం చేసి వచ్చేసరికి అంకె పడిపోయి ఉండేది. గొట్టాలు మార్చాను, పొరలు మార్చాను, ఏడ్చాను కూడా. నెలాఖరులోగా తేలకపోతే ఈ అంశం వదిలేయమని గైడుగారు చెప్పేశారు. అంటే నా మూడేళ్ల కష్టం గంగలో కలిసినట్టే.

ఆ సాయంత్రం మావ తల వంచుకుని నా ముందు నిలబడ్డాడు. “తప్పు నాదేనమ్మా. మీ అంకె పడిపోతన్నాది నేను తినే యేలకే. ఎండుసేపల కూర తెచ్చుకుంటన్నాను. మీ గైడు పెద్ద మాస్టారికి ఆ వాసన పడదు కదా, మీరెల్లాక వెనక సామాన్ల గదిలో తలుపేసుకుని తింటన్నాను. నా వల్ల మీ సదువు పోతాదంటే ఉద్యోగం మానేస్తాను.”

నాకు కోపం రాలేదు సరికదా, ఎగిరి గంతేయాలనిపించింది. ఎండుచేపల్లోంచి వచ్చే వాయువులు అమ్మోనియాకు దగ్గరి చుట్టాలే! తలుపు సందులోంచి వచ్చిన ఆ కాస్తనూ నా పొర పట్టేసింది. మర్నాడు గైడుగారి ఎదుటే మావ చేత క్యారియరు మూత తీయించాను. అంకె జరజరా దిగింది. ఆయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునే, నా పని కొనసాగించమని తలూపారు.

ఇప్పుడు మావ లేడు. నేను పట్టా పుచ్చుకున్న మరుసటి ఏడే పోయాడు. ఆ పట్టా గోడ మీద ఉంది, సెన్సార్లు బజారులో దొరుకుతున్నాయి. కానీ పీహెచ్‌డీకి ముందు పాఠాల రోజుల నుంచీ లెక్కేస్తే పదకొండేళ్లు ఒకే గదిలో పనిచేశాం, ఆ మనిషి మధ్యాహ్నం ఎక్కడ కూర్చుని తింటున్నాడో నేనొక్కసారైనా అడగలేదు. గోరంత ముక్కకు తెలిసింది నాకు తెలియలేదు.